ఎడమ వైపు గరగర

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో పనిచేసే ఆవిడను అందరూ స్క్రూలక్క అనేవారు. ముందు గదిలో అద్దాల అరలు, మెరిసే దీపాలు, నవ్వుతూ పలకరించడానికి ఇద్దరమ్మాయిలు. వెనక గదిలో ఒక బల్ల, దాని మీదికి వంగిన లైటు, ఒక భూతద్దం, చీమ తలకాయంత స్క్రూలు నింపిన డబ్బాలు. కాడ విరిగిందని, ముక్కు ప్యాడు ఊడిందని, మనవడు తొక్కేశాడని జనం ఇచ్చిపోయిన కళ్ళజోళ్ళన్నీ ఆ బల్ల మీదికే చేరేవి. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ చేసింది ఒక్కటే పని. వదులైనదాన్ని బిగించడం, బిగుసుకుపోయినదాన్ని వదులు చేయడం. ఆ పనిలో ఆవిడ చేతికి తిరుగులేదని యజమాని కూడా ఒప్పుకునేవాడు, ఆవిడ ఎదురుగా లేనప్పుడు.

దుకాణానికి వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. రేడియో స్టేషన్లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. నెలకోసారి తన కళ్ళజోడు మీద తనే కూర్చుని, దాన్ని జేబురుమాల్లో మూటకట్టుకుని తెచ్చేవాడు. ముందు గదిలో ఆగకుండా నేరుగా స్క్రూలక్క బల్ల దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చునేవాడు. ఆవిడ కాడ సరిచేస్తుంటే ఆయన శబ్దం గురించి చెప్పేవాడు. ఏ గది ఎలా మోగుతుందో, ఏ గాయకుడు మైకుకు ఎంత దూరం నిలబడేవాడో, అలాంటివి. ఆవిడ వినేది. వింటోందని ఆయనకు తెలిసేది.

ఒకరోజు వచ్చి, ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పాడు. అక్కడ తన మంచానికే చోటు లేదట. ఒక ఆంప్లిఫైయర్, రెండు స్పీకర్లు, ఒక రికార్డు ప్లేయర్, నాలుగు పెట్టెల రికార్డులు ఉన్నాయి, తీసుకుంటావా అని అడిగాడు.

"నాకెందుకు సార్, నాకు వీటి గురించి ఏం తెలుసు?" అంది ఆవిడ.

"నీకు చేతులు తెలుసు, చెవులు తెలుసు. ఇంకేం కావాలి?" అన్నాడాయన. "ఇది హైబ్రిడ్ అమ్మాయ్. ముందు భాగంలో పాత రేడియోల్లోలా రెండు గాజు ట్యూబులుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. గొంతు వాటిది. వెనక ట్రాన్సిస్టర్లు. స్పీకర్లను తోసే బలం వాటిది. గొంతు ఒకరిది, భుజం ఇంకొకరిది. ఇద్దరూ ఏళ్ళ తరబడి గొడవ లేకుండా కాపురం చేస్తున్నారు. వేడెక్కడానికి అరగంట టైమివ్వు చాలు."

అలా అది ఆవిడ ఇంటికి వచ్చింది. ముందు గదిలో కిటికీ పక్క చెక్కబల్ల మీద చేరింది. జాలీ వెనక రెండు ట్యూబులు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగేవి, పక్కన కూర్చుంటే చేతికి వెచ్చగా తగిలేది. కాలేజీలో చదువుతున్న కూతురు దానికి మొదటిరోజే 'కుంపటి' అని పేరు పెట్టేసింది.

దుకాణానికి సెలవు మంగళవారం. భర్త డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి పొద్దున్నే పోయేవాడు, కూతురు కాలేజీకి పోయేది. పది గంటలకు స్క్రూలక్క కుంపటి ఆన్ చేసి, అది వేడెక్కేలోగా గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేది. ఒక రికార్డు, రెండు వైపులా. అంతే. ఫోన్ మోగినా తీసేది కాదు. గాయకురాలు పాట ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకోవడం, వయొలిన్ మీద కమాను దిశ మార్చినప్పుడు వచ్చే సన్నటి గీరుడు, ఇవన్నీ ఆ గదిలోనే ఎవరో కూర్చున్నంత దగ్గరగా వినిపించేవి. వారమంతా ఎవరెవరి కళ్ళజోళ్ళో బాగుచేసిన మనిషికి ఆ గంటన్నర తనది. నాలుగేళ్ళు అలా గడిచాయి.

ఐదో ఏడు ఒక మంగళవారం, వయొలిన్ కచేరీ రికార్డు సగంలో ఉండగా, ఎడమ స్పీకరులోంచి గరగరమని శబ్దం వచ్చింది. ఎండుటాకుల మీద ఎవరో నాలుగడుగులు వేసి ఆగినట్టు. ఆవిడ లేచి రికార్డు తుడిచింది. మళ్ళీ పెట్టింది. కాసేపు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ ఆ నాలుగడుగులు.

ఆ సాయంత్రం భర్త ఇంటికి రాగానే కూర్చోబెట్టి వినిపించింది.

"వినిపిస్తోందా?"

"బాగుంది," అన్నాడాయన.

"బాగుందని కాదండీ. ఎడమ వైపు. అదిగో, ఇప్పుడు."

ఆయన తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నాడు. "పాట వస్తోందిగా. ఇంకేం కావాలి?"

ఆయన చెడ్డవాడేం కాదు. రోజంతా పక్క సీట్లో కూర్చుని, కొత్తవాళ్ళు క్లచ్‌తో కుస్తీ పడుతుంటే ఓర్పుగా నేర్పించే మనిషి. ఇంజను శబ్దంలో తేడా వస్తే వంద గజాల దూరం నుంచి పసిగట్టేవాడు. పాట మాత్రం ఆయనకు వస్తున్నదో రానిదో, ఆ రెండే. కూతురిని అడిగితే ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి, "కుంపటి చిటపటలాడకపోతే ఎలా అమ్మా?" అని మళ్ళీ పెట్టేసుకుంది.

స్క్రూలక్క రేడియో ఇంజినీరుకు ఫోన్ చేసింది. ఈ నాలుగేళ్ళలో ఆయనకు చెవుడు వచ్చిన సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది.

"ఎడమ వైపు గరగరమంటోంది సార్."

"గొడవా? ఎవరితో గొడవ?"

"గొడవ కాదు సార్. ఎడమ. ఎడమ వైపు."

"ఇంట్లో అన్నాక గొడవలుంటాయమ్మాయ్. అబ్బాయి మంచివాడని నువ్వే చెప్పావుగా. నువ్వే ఒక మాట తగ్గు," అని ఆయన కాపురం గురించి పది నిమిషాలు హితబోధ చేశాడు. ఆవిడ చెవికి ఫోను ఆనించుకుని కళ్ళు మూసుకుంది. చివరికి ఆయన చెల్లెలు ఫోను లాక్కుని, విషయం కనుక్కుని, ఆయన చెవిలో అరిచి, జవాబు తెచ్చి చెప్పింది. "ముందు ప్లగ్గు తీసేయాలట. ఒక రోజంతా ఆగాలట. లోపల కరెంటు నిలవ ఉంటుందట, అది చచ్చాకే మూత తీయాలట. తీయడం రానివాళ్ళు తీయకూడదట."

ఆ ఆఖరి మాట పట్టుకున్నాడు భర్త. నువ్వు ముట్టుకోవద్దు, నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడన్నాడు. డ్రైవింగ్ స్కూలు కార్లో, బోర్డుతో సహా, ఒళ్ళో కుంపటి పెట్టుకుని ఆవిడ మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. ఆంప్లిఫైయర్ ఆవిడది. గరగర విన్నది ఆవిడ. మెకానిక్ మాత్రం, "ఏంటి సార్ ప్రాబ్లం?" అని భర్తను అడిగాడు.

"ఎడమ వైపు గరగరమంటుంది. వెంటనే రాదు, వేడెక్కి అరగంటయ్యాక వస్తుంది. మీరు కనీసం అరగంట ఆన్ చేసి ఉంచి చూడాలి," అంది ఆవిడ.

"చూస్తాను సార్," అన్నాడు మెకానిక్.

మూడు వారాలు పట్టింది. ఆ మూడు మంగళవారాలూ ఆవిడ ఖాళీ బల్ల ఎదురుగా కూర్చోలేక అరలన్నీ దులిపింది. నాలుగో వారం వెళితే, మెకానిక్ ఆన్ చేసి, ఒక పాట పెట్టి, ఐదు నిమిషాలు వినిపించి ఆఫ్ చేశాడు. "ఎడమ ట్యూబు పోయింది సార్. కొత్తది వేశాను. ఇక చూడక్కర్లేదు."

ఇంటికి తెచ్చి ఆన్ చేశారు. అరగంటైంది. ముప్పై నాలుగో నిమిషంలో ఎండుటాకుల మీద నాలుగడుగులు.

"అరగంట ఆగి చూడమని చెప్పాను," అంది ఆవిడ, ఎవరితోనూ కాదు.

రెండోసారి మళ్ళీ అదే కారు, అదే ఒడి, అదే మెకానిక్. ఈసారి అతను కొంచెం చిరాకు పడ్డాడు. "సార్, మేడంగారికి అలా అనిపిస్తోందేమో. కొందరికి చెవుల్లోనే ఉంటుంది." భర్త ఏదో అనబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజుకు ముప్పై మంది చూపు సరిచేసే దుకాణంలో పనిచేసే మనిషి ఆవిడ. తలనొప్పిగా ఉందని ఎవరైనా వస్తే, మీకు అనిపిస్తోందేమో అని ఒక్కరినైనా వెనక్కి పంపలేదు.

ఇంకో రెండు వారాలు. ఈసారి తీర్పు మారింది. లోపల సర్క్యూట్ బోర్డే పోయిందని, ఇలాంటివి ఎవరూ వాడటం లేదని, దీని బదులు అరచేయంత కొత్తది తీసుకోమని చెప్పాడు. ఆ పూట ఆవిడ ఒక్కతే వెళ్ళింది, పని మధ్యలో పర్మిషన్ అడిగి.

"సరే. మీరు తీసేసిన పాత ట్యూబు ఇవ్వండి," అంది.

"అది ఎందుకమ్మా? పారేశాను."

"పారేశారా?"

"పోయిన ట్యూబుతో ఏం చేస్తాం?"

ఆ రెండు ట్యూబులూ ఒకే రోజు తయారై, ఒకే అట్టపెట్టెలో వచ్చిన జంట అని ఇంజినీరు చెప్పిన మాట ఆవిడకు గుర్తుంది. ఆ మాట పైకి అనలేదు. అని ఏం లాభం. "బోర్డు ఎక్కడ పోయిందో చూపించండి," అని మాత్రం అడిగింది.

మెకానిక్ మూత తీసి, బోర్డు బయటికి లాగి, చేయి బారుగా చాచి దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు. ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ," అన్నాడు. మళ్ళీ ఇంకోచోట పెట్టి, "ఇక్కడ కూడా," అన్నాడు. చేయి ఇంకాస్త చాచాడు.

స్క్రూలక్కకు అప్పుడర్థమైంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చేయి చాచడాన్ని ఆవిడ చూస్తూనే ఉంది. నలభై ఐదు దాటినవాళ్ళు దుకాణం గడప తొక్కి, రేట్ల కార్డు చేతికి తీసుకుని చేసే మొదటి పని అదే. ఈ మనిషికి దగ్గర చూపు లేదు. ఆంప్లిఫైయర్ లోపల ఏముందో ఇతను ఇంతవరకు సరిగ్గా చూడనే లేదు.

"మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట," అంది. "మీకు దగ్గర చూపు తగ్గింది. మా దుకాణానికి రండి, ఒక్క పావుగంటలో..."

"నా చూపుకేమైందమ్మా? శుభ్రంగా ఉంది," అన్నాడతను. ముఖం గంటు పెట్టుకుని మూత బిగించేశాడు. ఒక స్క్రూ రెండుసార్లు చేయి జారి బల్ల కింద పడింది. ఆవిడే వంగి తీసి ఇచ్చింది.

ఆ కుంపటిని మోసుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఆవిడ నిర్ణయం అయిపోయింది. చూడగల కళ్ళు ఇంట్లోనే ఉండగా చూడలేనివాడికి ఐదు వారాలు అప్పగించి వచ్చినందుకు తన మీద తనకే మంటగా ఉంది.

మొదటి మంగళవారం మూత తీయలేదు. వరసగా ఒక్కొక్కటే తేల్చుకుంది. ఆఫ్ చేసి, చల్లారనిచ్చి, ముందున్న జాలీ మాత్రం తీసి, ఎడమ ట్యూబు కుడికి, కుడి ట్యూబు ఎడమకు మార్చింది. గరగర ఎడమనే ఉంది. అంటే తప్పు ట్యూబుది కాదు, ఎప్పుడూ కాదు. మెకానిక్ పారేసింది మంచి ట్యూబునే. ఆ నిజం తెలిసిన క్షణంలో ఆవిడ లేచి వెళ్ళి వంటింట్లో గ్లాసుడు నీళ్ళు తాగి వచ్చింది. తర్వాత రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే తీగలు అటూఇటూ మార్చింది. గరగర ఎడమనే. ఆఖరికి స్పీకర్ల తీగలు మార్చింది. గరగర కుడి స్పీకరులోకి వెళ్ళింది. రికార్డుదీ కాదు, స్పీకరుదీ కాదు. తప్పు ఆంప్లిఫైయర్ లోపల ఎడమ సగంలో ఉంది. ఇదంతా దుకాణం చీటీ వెనక పెన్సిలుతో రాసుకుంది. ఒక్కో మార్పుకూ అరగంట చల్లారడం, అరగంట వేడెక్కడం. సాయంత్రం దాకా ఆవిడ ఒక్క పాట కూడా వినలేదు.

తర్వాతి సోమవారం పొద్దున్నే ప్లగ్గు తీసేసింది. మంగళవారం పదింటికి, దుకాణం నుంచి భూతద్దం, సన్నటి స్క్రూడ్రైవర్లు తెచ్చుకుని, కిటికీ కింద దుప్పటి పరిచి మూత తీసింది. కాలేజీకి సెలవుండి ఇంట్లోనే ఉన్న కూతురు గుమ్మంలో నిలబడి చూసింది.

"అమ్మా, షాక్ కొడితే?"

"నిన్న పొద్దున్నుంచి ప్లగ్గు లేదు. అయినా నువ్వక్కడే నిలబడు."

ట్యూబుకు అడుగున సూదుల్లాంటి తొమ్మిది కాళ్ళుంటాయి. అవి దిగడానికి సాకెట్లో తొమ్మిది రంధ్రాలు. ప్రతి రంధ్రంలోనూ కాలిని పట్టుకోవడానికి రెండు చిన్న లోహపు రేకులు. స్క్రూలక్క భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కొక్క రంధ్రమే చూసింది. కుడి సాకెట్లో తొమ్మిదీ బాగున్నాయి. ఎడమ దానిలో ఆరో రంధ్రం దగ్గర ఆగిపోయింది. రేకులు రెండూ విచ్చుకుని ఉన్నాయి, వాటి మీద నల్లటి మసి. చల్లగా ఉన్నంతసేపూ కాలిని అంటీ అంటనట్టు పట్టుకుని, వేడెక్కి సాగగానే వదిలేస్తున్నాయి.

ఇది ఆవిడకు తెలిసిన వ్యాధే. వదులైన కళ్ళజోడు కాడకూ దీనికీ తేడా లేదు. స్పిరిట్‌లో ముంచిన సన్నటి బ్రష్షుతో మసి తుడిచింది. సూది మొనతో ఒక రేకును వెంట్రుకవాసి లోపలికి వంచింది. తర్వాత రెండోదాన్ని. ఎక్కువ వంచితే విరుగుతుంది, తక్కువ వంచితే పట్టదు. ట్యూబు పెట్టి చూసింది. ఇంతకుముందు ఊరికే జారిపోయేది, ఇప్పుడు గట్టిగా నొక్కితేగానీ దిగలేదు. మొత్తం పని పన్నెండు నిమిషాలు. మెకానిక్ దగ్గర ఐదు వారాలు.

స్పిరిట్ ఆరిపోయేదాకా ఆగి, మూత బిగించి, ఆన్ చేసింది. అరగంట. గంట. వయొలిన్ రికార్డు రెండు వైపులూ అయిపోయాయి. ఎడమ వైపు ఎండుటాకులు లేవు. కచేరీలో ఎవరో ముసలాయన దగ్గిన దగ్గు రెండు నెలల తర్వాత మళ్ళీ స్పష్టంగా వినిపించింది.

కానీ వేరే ఏదో తేడా ఉంది. కళ్ళు మూసుకుని విన్నది. కుడి వైపు గొంతు పాతదే, నిండుగా. ఎడమ వైపు కాస్త పల్చగా, పాలలో నీళ్ళు కలిసినట్టు. మెకానిక్ వేసిన కొత్త ట్యూబు. దాని జంట ఏ చెత్తకుప్పలో ఉందో. ట్యూబులు అటూఇటూ మార్చింది. పల్చదనం కుడికి వెళ్ళింది. మళ్ళీ మార్చింది. ఏ వైపు ఉంచినా అది అక్కడే వినిపిస్తోంది. గరగర పోయింది, గరగర కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం మాత్రం ఆవిడను వదల్లేదు. పాట పెడితే పాట వినడం మానేసి ట్యూబును వింటోంది. ఇంతకుముందు అలా ఉండేది కాదు.

తర్వాతి మంగళవారం సాయంత్రం డ్రైవింగ్ స్కూలు యజమాని, ఆయన భార్య ఇంటికి వచ్చారు. టీ తాగుతూ కుంపటి చూసి ముచ్చటపడ్డారు. భర్త ఉత్సాహంగా ఆన్ చేసి, పాట పెట్టి, "మధ్యలో కొంచెం ట్రబుల్ ఇచ్చింది సార్. మనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, మంచి పనివాడు. ట్యూబు మార్చి పడేశాడు," అన్నాడు.

"బాగుచేసింది నేను," అంది స్క్రూలక్క.

అతిథులిద్దరూ నవ్వారు, సరసమాడుతోందనుకుని. యజమాని భార్య, "ఇంటి పనులన్నిటికీ మనమే కదండీ," అని భుజం తట్టింది. మాట అక్కణ్ణుంచి పెట్రోలు మీదికి, పెట్రోలు నుంచి రోడ్ల గుంతల మీదికి వెళ్ళిపోయింది. ఆవిడ లేచి, పాట సగంలో ఉండగానే కుంపటి ఆఫ్ చేసింది. ఎవరూ ఏమీ అడగలేదు. బహుశా గమనించలేదు కూడా.

వాళ్ళు వెళ్ళాక భర్త కప్పులు తీస్తూ అన్నాడు. "నువ్వు శుభ్రం చేశావని చెప్పలేదనా కోపం? ట్యూబు మార్చింది అతనేగా మరి?"

"అతను మార్చింది మంచి ట్యూబును. దాన్ని పారేసి, చెడ్డచోటు వదిలేశాడు. అతనికి కనపడలేదు. నాకు కనపడింది. ఇంత చిన్న ముక్క ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?"

"ఎవరు చేస్తే ఏంటి, పాట వస్తోందిగా."

"ఆ మాట ఇంకోసారి అన్నారంటే..." ఆవిడ ఆగింది. "రెండు నెలలు నేను చెబుతుంటే, పాట వస్తోందిగా అన్నారు. ఒక బయటివాడు నా చెవుల్లోనే ఉందంటే మీరు నోరు విప్పలేదు. వచ్చేది ఎలా వస్తోందో నాకు ముఖ్యం. ఈ ఇంట్లో నాకున్నది అదొక్కటే."

ఆయన కప్పులు తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. మామూలుగా కడగడు.

మర్నాడు పొద్దున ఆవిడ దుకాణానికి బయల్దేరుతుంటే ఆయన చెప్పులు వేసుకుంటూ ఆగాడు. రాత్రంతా దాని గురించే ఆలోచించినట్టుంది.

"ఆ శబ్దం... అసలు ఎలా ఉండేది? నాకొకసారి చేసి చూపించు."

ఆవిడ ఆయన వంక అనుమానంగా చూసింది. ఎగతాళి లేదు. బ్యాగు భుజానికి సర్దుకుని, పళ్ళ వెనక నాలుక పెట్టి, "గర్ర్ గర్ర్... గర్ర్ గర్ర్" అని చేసి చూపించింది.

ఆయన ముఖం వెలిగింది.

"ఓహో, అదా. అది మొదటిరోజు నుంచీ వినిపిస్తూనే ఉంది నాకు. రికార్డులోదే అనుకున్నాను."

స్క్రూలక్కకు నవ్వాలో, గోడకు తల కొట్టుకోవాలో తేలలేదు. ఏదీ చేయకుండా మెట్లు దిగి బస్సు ఎక్కింది. ఆ రోజు బల్ల మీద పద్నాలుగు కళ్ళజోళ్ళున్నాయి. అన్నీ వదులైనవే.